ఈ ప్రాజెక్టులో డబ్బు ఎవరిది? బుకింగ్‌కు ముందే తెలియాలి

బెంగళూరులో గుంజూరు వైపు కడుతున్న ఒక అపార్ట్‌మెంటులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ చూశామని మీరు రాశారు. ధర రూ.92 లక్షలు. సేల్స్ ఆఫీసులో కుర్రాడు ‘మాది డెట్ ఫ్రీ ప్రాజెక్టు, నాలుగు బ్యాంకులు అప్రూవ్ చేశాయి’ అన్నాడు. ఇంటికి తెచ్చుకున్న అగ్రిమెంటు డ్రాఫ్టులో మాత్రం ‘ప్రాజెక్టు మీద ప్రమోటర్ లోన్ తీసుకోవడానికి, తాకట్టు పెట్టడానికి కొనుగోలుదారు సమ్మతిస్తున్నాడు’ అన్న వాక్యం కనబడింది. ఈ రెండింటికీ పొంతన కుదరక మూడు ప్రశ్నలు వేశారు. బిల్డర్ అప్పు గురించి మనం అడగొచ్చా? అడిగితే చెప్పి తీరాలని చట్టం ఉందా? అలా చెప్పమని ప్రభుత్వం గట్టిగా పట్టుబడితే ఫ్లాట్ల ధరలు పెరుగుతాయా?

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చివరి 14 ఏళ్లు బెంగళూరులో బిల్డర్ల లోన్లు పరిశీలించే విభాగంలోనే గడిచాయి. బిల్డర్ మా టేబుల్ మీద పెట్టే కాగితాలు ఎలా ఉంటాయో, కొనేవాళ్ల చేతికి వచ్చే కాగితాలు ఎలా ఉంటాయో రెండూ చూసినవాణ్ని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: అడగొచ్చు, అడిగి తీరాలి. ఎందుకో అర్థం కావాలంటే అపార్ట్‌మెంటుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందు చూడాలి.

బిల్డర్ తన జేబులోంచి పెట్టేది కొంత. అప్పు తెచ్చేది కొంత. మిగిలిందంతా కొనేవాళ్లు కట్టే వాయిదాలు. ఈ మూడింటిలో బిల్డర్‌కు అన్నిటికంటే చవకైనది మీ డబ్బే, దానికి వడ్డీ లేదు. అన్నిటికంటే ఖరీదైనది సాధారణంగా భూమి కోసం తెచ్చిన అప్పు. ప్రైవేటు బిల్డర్ భూమి కొనుక్కోవడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కాబట్టి భూమికి కావలసిన డబ్బు ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల) దగ్గర, పెట్టుబడి ఫండ్ల దగ్గర, డిబెంచర్ల (కంపెనీ రాసిచ్చే అప్పు పత్రాల) రూపంలో ఎక్కువ వడ్డీకి పుడుతుంది. లేదంటే జేడీఏ, అంటే భూయజమానితో కలిసి కట్టే ఉమ్మడి ఒప్పందం పద్ధతి. భూమి రైతుదో, పాత యజమానిదో ఉంటుంది, కట్టాక ఫ్లాట్లలో వాటా ఇస్తారు. బెంగళూరులో, ముఖ్యంగా సర్జాపుర, వర్తూరు, కనకపుర రోడ్ల వైపు జేడీఏలు చాలా మామూలు. అందులో కూడా భూయజమానికి ముందుగా ఇవ్వాల్సిన డిపాజిట్ ఉంటుంది. ఆ డిపాజిట్ ఏ అప్పులోంచి వచ్చిందన్నది ఇంకో ప్రశ్న.

లెక్క సులభంగా ఉండటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. బిల్డర్ రూ.100 కోట్లు 18 శాతం వడ్డీకి తెచ్చాడనుకోండి. ఏడాదికి వడ్డీ రూ.18 కోట్లు, నెలకు కోటిన్నర. మీ రూ.92 లక్షల ఫ్లాటులో ఒక స్లాబు పడ్డప్పుడు 10 శాతం వాయిదా కట్టారంటే రూ.9.2 లక్షలు. అంటే మీలాంటివాళ్లు పదహారు మంది కట్టిన స్లాబు వాయిదా మొత్తం కలిపితే ఒక్క నెల వడ్డీకి దాదాపు సమానం. అప్పులో అసలు తీర్చే సంగతి అటుంచండి. అమ్మకాలు జోరుగా ఉన్నన్నాళ్లు ఇది ఎవరికీ కనబడదు. నాలుగు నెలలు అమ్మకాలు మందగిస్తే బిల్డర్ ముందు ఏది ఆపుతాడు? అప్పు ఇచ్చినవాడికి 90 రోజులు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండి బకాయి) అవుతుంది, అక్కడినుంచి కొత్త అప్పు పుట్టదు. కాబట్టి అది ఆపడు. ఆపేది కాంట్రాక్టర్ బిల్లు. బిల్లు రాని కాంట్రాక్టర్ పనివాళ్లను వేరే సైటుకు తీసుకుపోతాడు. మీకు తెలిసేది మూడు నెలల తర్వాత, ఆదివారం సైటు చూడ్డానికి వెళ్లినప్పుడు. సెంట్రింగ్ కర్రలు అలాగే ఉంటాయి, మనుషులు ఉండరు.

2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ అప్పులు కట్టలేక చేతులెత్తేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఆ దెబ్బకు ఎన్‌బీఎఫ్‌సీలకు డబ్బు పుట్టడం కష్టమైంది, వాటి మీద ఆధారపడ్డ బిల్డర్లకు మంజూరైన లోను కూడా విడుదల కాకుండా ఆగిపోయింది. ముంబయిలో ఒక కంపెనీ తడబడితే ఇక్కడ నా ఇంటి నాలుగో స్లాబు ఎందుకు ఆగిందని కొన్నవాళ్లకు అర్థం కాలేదు. తమ బిల్డర్‌కు అప్పు ఎవరు ఇస్తున్నారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. తర్వాత 2019 నవంబరులో, ఆగిపోయిన ఇళ్ల కోసం కేంద్రం రూ.25 వేల కోట్ల స్వామీ నిధి ప్రకటించాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ కుర్రాడు చెప్పిన రెండు మాటల సంగతి.

‘నాలుగు బ్యాంకులు అప్రూవ్ చేశాయి’ అంటే, మీకు హోమ్ లోన్ ఇవ్వడానికి ఆ బ్యాంకులు టైటిల్, ప్లాను, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూసి సరే అన్నాయని. బిల్డర్ దగ్గర ఇల్లు పూర్తి చేసేంత డబ్బు ఉందని ఆ బ్యాంకు హామీ ఇవ్వలేదు. హోమ్ లోన్ విభాగం వేరు, ప్రాజెక్టు లోన్ విభాగం వేరు. ఒకే బ్యాంకులో కూడా ఈ రెండు ఫైళ్లు రెండు అంతస్తుల్లో ఉంటాయి. బ్యాంకు చూసింది కదా, ఇక మనం చూడక్కర్లేదన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. దయచేసి దాన్ని వదిలేయండి. హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకుకు మీ జీతం మీద పట్టు ఉంటుంది. ఇల్లు పూర్తయినా కాకపోయినా ఈఎంఐ మీరు కట్టాల్సిందే.

‘డెట్ ఫ్రీ’ అన్న మాట ఇంకా జాగ్రత్తగా వినాలి. భూమి మీద తాకట్టు లేకపోవచ్చు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే శుభ్రంగా ఉండొచ్చు. కానీ తాకట్టు పెట్టేది భూమి ఒక్కటే కాదు. ఈ ప్రాజెక్టులో రాబోయే వసూళ్లను, అంటే మీరు కట్టబోయే వాయిదాలనే, వేరేచోట కడుతున్న మరో ప్రాజెక్టు అప్పుకు హామీగా రాసి ఇవ్వొచ్చు. దేవనహళ్లిలో లేఅవుట్ కోసం తెచ్చిన అప్పుకు గుంజూరులో మీ స్లాబు వాయిదా పూచీగా ఉండటం నేను ఊహించి చెబుతున్నది కాదు, అలాంటి డీడ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. వసూళ్ల మీది హక్కు ఈసీలో కనబడదు. ఈసీ స్థిరాస్తి లావాదేవీల చిట్టా మాత్రమే. కాబట్టి ‘ఈసీ క్లీన్, డెట్ ఫ్రీ’ అన్న మాటలో అబద్ధం లేకపోవచ్చు, మీకు కావలసిన నిజం కూడా ఉండకపోవచ్చు.

ఇక రెండో ప్రశ్న. చట్టం ఏం చెబుతుంది?

చాలామందికి తెలియనిది ఒకటి ఉంది. బాంబే హైకోర్టు ఒక కేసులో చేసిన వ్యాఖ్య తర్వాత, 2009 ఆగస్టులో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ ఒక ఆదేశం ఇచ్చింది. హౌసింగ్ ప్రాజెక్టుకు అప్పు ఇచ్చేటప్పుడు, ఆస్తి ఏ బ్యాంకుకు తాకట్టులో ఉందో బిల్డర్ తన బ్రోషర్లలో, కరపత్రాల్లో, పత్రికా ప్రకటనల్లో వెల్లడించాలని, ఫ్లాటు అమ్మడానికి అవసరమైతే ఆ బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఇస్తామని బ్రోషర్‌లో రాయాలని లోను షరతుల్లో పెట్టాలి. మీ దగ్గరున్న బ్రోషర్ చివరి పేజీ కింది భాగం చూడండి, మెరుపు కాగితం మీద చిన్న అక్షరాల్లో ‘ఈ ప్రాజెక్టు ఫలానా సంస్థకు మార్ట్‌గేజ్ అయింది’ అని ఉందేమో. అది ఆ ఆదేశం వల్ల వచ్చిన వాక్యమే. మంచి నిబంధన, కాని సగం నిబంధన. అది బ్యాంకుకూ బిల్డర్‌కూ మధ్య షరతు, దాని అమలు బ్యాంకు చేతిలో ఉంది. పేరు చెప్పమంటుంది తప్ప ఎంత అప్పో, ఎప్పటిలోగా తీర్చాలో చెప్పమనదు. డిబెంచర్లు కొన్న పెట్టుబడి ఫండుకు అది అసలే వర్తించదు.

తర్వాత 2016 రెరా చట్టం. మరీ చిన్నవి తప్ప మిగతా ప్రాజెక్టులకు నమోదు తప్పనిసరి. నమోదుకు బిల్డర్ ప్రమాణపత్రం ఇవ్వాలి, కర్ణాటకలో దాన్ని ఫారం బి అంటారు. భూమి మీద ఏ భారమూ (తాకట్టులాంటిది) లేదని గానీ, ఉంటే దాని వివరాలు గానీ అందులో ప్రమాణం చేసి చెప్పాలి. మీ దగ్గర వసూలైన దానిలో 70 శాతం ప్రత్యేక ఖాతాలో వేసి, భూమి, నిర్మాణ ఖర్చులకే వాడాలి. ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధృవీకరించాక, పని జరిగిన మేరకే తీయాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. అగ్రిమెంటు అయ్యాక మీ ఫ్లాటును తాకట్టు పెట్టకూడదు, పెట్టినా మీ హక్కుకు భంగం లేదు. తప్పుడు సమాచారం ఇస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం దాకా జరిమానా.

వింటే అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. కాని లొసుగు ఎక్కడుందో గమనించండి. ఫారం బి అనేది నమోదు రోజున తీసిన ఫోటో లాంటిది. ఆ రోజు అప్పు లేదు, భారం లేదని నిజాయితీగానే రాశారు. ఎనిమిది నెలల తర్వాత రూ.60 కోట్లు తెచ్చారు. మీరు బుక్ చేసింది పన్నెండో నెలలో. రెరా పేజీలో ఇంకా పాత ఫారం బి కనబడుతుంది. ‘అగ్రిమెంటు తర్వాత’ తాకట్టు పెట్టకూడదు అన్న రక్షణ మీకు పనికిరాదు, ఎందుకంటే తాకట్టు అంతకు ముందే జరిగిపోయింది. అప్పు ఇచ్చినవాడు ఆ ఫ్లాటును ఎన్‌ఓసీతో వదిలితేనే మీకు శుభ్రమైన హక్కు. మీ డ్రాఫ్టులో ఉన్న ఆ సమ్మతి వాక్యం ఇంకో తలుపు తెరిచిపెడుతోంది. అగ్రిమెంటు తర్వాత కూడా తాకట్టుకు మీరే ముందుగా ఒప్పుకున్నారని రేపు వాదించడానికి అది పనికొస్తుంది. చట్టానికి విరుద్ధమైన ఒప్పుకోలు చెల్లదని మీ లాయరు వాదించొచ్చు, గెలవొచ్చు కూడా. కాని ఆ వాదన అవసరం ఎందుకు రావాలి? ఆ వాక్యం కొట్టేయించండి. లేదా ‘కొనుగోలుదారు ఫ్లాటు, దాని యూడీఎస్ మినహా’ అని చేర్పించండి (యూడీఎస్ అంటే ఫ్లాటుకు వచ్చే భూమి వాటా).

ఎన్‌ఓసీ అన్నాను కదా, దాని దగ్గర కాస్త ఆగుతాను. నేను చూసినవాటిలో ఎక్కువమంది చేతులు కాల్చుకున్నది అక్కడే.

2019లో మా కింది ఫ్లోరువాళ్ల బంధువులు, ప్రొద్దుటూరునుంచి వచ్చి మారతహళ్లిలో ఉంటున్న దంపతులు, ఒక ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చారు. ఫ్లాటు పూర్తయింది, డబ్బంతా కట్టేశారు, రిజిస్ట్రేషన్ మాత్రం కావడం లేదు. ఫైలులో అప్పిచ్చిన సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ ఉంది. రెండు పేజీలు, సేల్స్ ఆఫీసువాళ్లు ఇచ్చిన జిరాక్సు. రెండో పేజీ జిరాక్సులో కింది రెండంగుళాలు పడలేదు. వాక్యం మధ్యలో తెగిపోయింది: ‘సదరు ఫ్లాటుకు సంబంధించిన పూర్తి సొమ్ము ఈ కింది...’ అంతే. నేను ఆ సంస్థకు వాళ్లచేత ఉత్తరం రాయించి పూర్తి కాపీ తెప్పించాను. తెగిపోయిన చోట ఉన్నది ఒక ఖాతా నంబరు, దాని కింద ఒక షరతు. ఆ ఖాతాలో పడితేనే ఈ అనుమతి చెల్లుతుంది, లేకుంటే రద్దయినట్టు భావించాలి. వీళ్లు చివరి రెండు వాయిదాలు, రూ.11 లక్షలు, డిమాండ్ లెటర్‌లో ఇచ్చిన వేరే ఖాతాకు పంపారు. బిల్డర్ ఆ సొమ్ము వాడేసుకున్నాడు. అప్పిచ్చినవాళ్లు తమకు రావలసింది రాలేదన్నారు. కాగితం ప్రకారం ఇద్దరూ సరే, నడుమ నలిగింది వీళ్లు. అది తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ అద్దె ఒకపక్క, ఈఎంఐ ఒకపక్క. ఆవిడ ప్రతి రసీదు వెనక తేదీ, తనతో మాట్లాడిన ఉద్యోగి పేరు పెన్సిల్‌తో రాసి ఉంచారు. చివరికి పనికొచ్చింది ఆ పెన్సిల్ రాతలే.

ఆ ఖాతా నంబరు మొదటి రోజే అగ్రిమెంటులో ఉండి ఉంటే ఈ కథ జరిగేది కాదు. అందుకే నా అభిప్రాయంలో ‘అప్పు ఉందా లేదా’ అన్నది చిన్న ప్రశ్న. అప్పు ఉండటం తప్పు కాదు. అప్పు లేకుండా ఇన్ని అంతస్తులు లేవవు. పేరున్న బ్యాంకు నిర్మాణ లోను ఇచ్చిందంటే ఒకరకంగా మంచిదే, సైటుకు వాళ్ల ఇంజినీరు వచ్చి చూస్తాడు. అసలు ప్రశ్న ఏమిటంటే, మీ రూపాయి మీద మొదటి హక్కు ఎవరిది? మీ ఇంటి ఇటుకదా, ఇంకొకరి వడ్డీదా? చట్టం చెప్పించవలసింది ఇదే.

కోర్టులు మనవైపు చాలా చేశాయి. ఆమ్రపాలి అనే బిల్డర్ కేసులో 2019 జులైలో సుప్రీంకోర్టు ఆ కంపెనీల రెరా నమోదు రద్దుచేసి, మిగిలిన పనిని ప్రభుత్వ నిర్మాణ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. కొన్నవాళ్ల డబ్బు ఎలా దారి మళ్లిందో ఫోరెన్సిక్ ఆడిట్‌లో బయటపడింది. అదే ఏడాది ఆగస్టులో, ఫ్లాటు కొన్నవాళ్లు దివాలా చట్టం కింద ఆర్థిక రుణదాతలేనని తీర్పు వచ్చింది. 2022 ఫిబ్రవరిలో, రెరాకూ, బ్యాంకులు తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టానికీ పేచీ వస్తే రెరాదే పైచేయి అన్న రాజస్థాన్ హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు నిలబెట్టింది. బిల్డర్ స్థానంలోకి వచ్చి ఆస్తి స్వాధీనం చేసుకున్న బ్యాంకు మీద కూడా కొన్నవాళ్లు రెరాకు వెళ్లవచ్చు. పొజెషన్ దాకా ఈఎంఐ బిల్డరే కడతాడన్న సబ్‌వెన్షన్ స్కీముల మీద 2025 జులైలో 22 కేసులు నమోదు చేయడానికి సీబీఐకి అనుమతి దొరికింది. ఆ స్కీముల్లో జరిగింది కూడా ఇదే, మీ పేరున తీసిన హోమ్ లోను బిల్డర్‌కు పెట్టుబడి అయింది. నిర్మాణ దశతో ముడిపెట్టకుండా హోమ్ లోను ఒకేసారి విడుదల చేయొద్దని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పింది. కాని ఇవన్నీ ఇల్లు కాలాక వచ్చే నీళ్లు. దివాలా కోర్టుకు వెళ్లాలన్నా 2020 సవరణ తర్వాత ఒకే ప్రాజెక్టులో కనీసం 100 మంది గానీ, 10 శాతం మంది గానీ కలవాలి. ముందే తెలిసి ఉంటే మీరు ఆ ఫ్లాటు కొనేవారే కాదు, లేదా వేరే షరతుల మీద కొనేవారు.

షేరు మార్కెట్ చూడండి. రూ.15 వేలు పెట్టి ఐపీఓలో ఒక లాట్‌కు దరఖాస్తు చేసేవాడికి, ఆ కంపెనీకి ఎవరి దగ్గర ఎంత అప్పుందో, ఏ ఆస్తులు తాకట్టులో ఉన్నాయో, వసూలైన డబ్బు దేనికి వాడతారో ప్రాస్పెక్టస్‌లో అధ్యాయాలు అధ్యాయాలుగా రాసి ఇవ్వాలి. రూ.92 లక్షలు, అందులో ఇరవై ఏళ్ల జీతం కుదువ పెట్టి ఇచ్చేవాడికి ఒక్క పేజీ ఇవ్వరు. ఇది నాకు అన్యాయంగానే కనబడుతుంది.

ఆ ఒక్క పేజీలో ఏముండాలి? ఈ ప్రాజెక్టు మీద, ఈ ప్రాజెక్టు వసూళ్ల మీద ఎవరెవరికి హక్కుంది, ఎంత మంజూరు, ఎంత వాడారు, తీర్చాల్సిన తేదీలు, వసూళ్లలో ఎంత శాతం అప్పుకు పోతుంది, మిగిలిన పని పూర్తికి ఎంత కావాలి, అది ఎక్కడినుంచి వస్తుంది. రెరా పేజీలో మూడు నెలలకోసారి మార్చాలి, అగ్రిమెంటుకు జతచేయాలి. అప్పు ఇచ్చినవాడు మారితే కొన్నవాళ్లందరికీ పదిహేను రోజుల్లో తెలపాలి. కొత్తగా తయారు చేయాల్సిందేమీ లేదు. ప్రతి మూడు నెలలకూ ఇవే వివరాలు మా టేబుల్ మీదికి వచ్చేవి. అమ్మిన ఫ్లాట్ల జాబితా, వసూళ్లు, మిగిలిన ఖర్చు అంచనా, సీఏ సర్టిఫికెట్, ఇంజినీరు నివేదిక. అప్పు ఇచ్చినవాడికి ఇచ్చే నివేదికలో మొదటి పేజీ కొన్నవాడికి కూడా ఇమ్మనడమే. బిల్డర్లు ఎలాగూ మూడు నెలలకోసారి బుకింగులు, పని పురోగతి రెరాలో ఎక్కిస్తున్నారు, దానికి ఇంకో పేజీ.

వ్యాపార రహస్యం అంటారు. కంపెనీ తన ఆస్తుల మీద హక్కు రాసిస్తే 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలన్నది చట్టం. అది అందరూ చూడగల రికార్డు. అంటే వెతకడం తెలిసినవాడికి రహస్యం కాదు, తెలియనివాడికి మాత్రం రహస్యం. ఇంకో వాదన ఉంది, దాన్ని మాత్రం నేను తీసిపారేయను. ఇప్పటికే సగం కట్టిన ప్రాజెక్టుల్లో హఠాత్తుగా అప్పుల చిట్టా బయటపెడితే, భయపడి అందరూ ఒకేసారి క్యాన్సిల్ చేసుకుంటే, నిలబడగలిగిన ప్రాజెక్టు కూడా కూలుతుంది. అది నిజం. అందుకే ముందు కొత్త నమోదులతో మొదలుపెట్టి, పాతవాటికి గడువు ఇవ్వడం మేలు.

మీ మూడో ప్రశ్న, ధరలు పెరుగుతాయా అని. ఒక పేజీ కాగితం వల్ల పెరగవు. ఖరీదైన అప్పు మోస్తున్న బిల్డర్ బేరం దగ్గర కొంత తగ్గాల్సి వస్తుంది, తక్కువ అప్పుతో శుభ్రంగా నడిపేవాడికి ఫ్లాట్లు త్వరగా అమ్ముడవుతాయి. ఇవాళ ఇద్దరి ఫ్లాట్లూ ఒకే వీధిలో ఒకే రేటుకు పోతున్నాయి. ఆ తేడా ఎక్కడికీ పోలేదు, తెలియకుండా మోస్తున్నది మీరు.

ఇక మీ పని. కర్ణాటక రెరా సైటులో ప్రాజెక్టు నంబరు కొట్టి ఫారం బి తీయండి, భారం గురించిన వాక్యం, దాని తేదీ రాసుకోండి. తర్వాత కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో కంపెనీ పేరుతో చార్జీల (కంపెనీ ఆస్తుల మీద అప్పిచ్చినవాళ్ల హక్కుల) పట్టిక చూడండి, అది ఉచితం. వరుసగా హక్కుదారు పేరు, సృష్టించిన తేదీ, మొత్తం, తీరిపోయిన తేదీ ఉంటాయి. తీరిన తేదీ ఖాళీగా ఉన్న వరుసలే మీకు ముఖ్యం. హక్కుదారు దగ్గర ఫలానా ట్రస్టీషిప్ అని కనబడితే వెనక డిబెంచర్లు ఉన్నాయని అర్థం, ట్రస్టీ అప్పు ఇచ్చినవాడు కాదు. రూ.100 కడితే ఆ కంపెనీ పత్రాలు తెరుచుకుంటాయి. అందులో సీహెచ్‌జీ-1 (డిబెంచర్లయితే సీహెచ్‌జీ-9) అన్న ఫారంలో వడ్డీ రేటు, తీర్చే షరతులు, ఏ ఏ ఆస్తుల మీద హక్కు ఉందో రాసి ఉంటుంది. దానికి జతచేసిన డీడ్‌లో మీ సర్వే నంబరు ఉందేమో, ‘రిసీవబుల్స్’ (రాబోయే వసూళ్లు) అన్న మాట పక్కన మీ ప్రాజెక్టు పేరు ఉందేమో వెతకండి. బిల్డర్ కంపెనీ కాకుండా పార్ట్‌నర్‌షిప్ అయితే అక్కడ ఏమీ దొరకదు. బెంగళూరులో చిన్న బిల్డర్లు చాలామంది అలాంటివాళ్లే. అప్పుడు తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో వెతకాలి, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ సైటు కావేరిలో ఈసీ తీయాలి. జేడీఏ అయితే భూయజమాని పేరున కూడా వెతకండి, తన వాటా ఆయన ఎక్కడైనా పెట్టి ఉండొచ్చు.

అవన్నీ చూశాకే బిల్డర్‌కు మెయిల్ పెట్టండి, నోటిమాటగా అడగొద్దు. ఈ ప్రాజెక్టు మీదా దీని వసూళ్ల మీదా ఇవాళ్టికి ఉన్న హక్కుదారుల పేర్లు, బకాయి మొత్తం, నా ఫ్లాటుకు ఎన్‌ఓసీ ఎప్పుడు ఇస్తారు, నేను కట్టాల్సిన ఖాతా ఏది అని నాలుగే అడగండి. డెట్ ఫ్రీ అన్నారు కదా, ఆ మాటను జవాబులో రాసి ఇవ్వమనండి. సేల్స్ కుర్రాడి మీద కోపం వద్దు, అతనికి నేర్పిందే చెబుతాడు. కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో రావాలి. వారం దాటినా రాకపోతే, గుంజూరులో ఇంకా చాలా ఫ్లాట్లు ఉన్నాయి.

ఎన్‌ఓసీ వస్తే జిరాక్సు తీసుకోకండి. అప్పు ఇచ్చిన సంస్థ ఈమెయిల్‌నుంచి నేరుగా మీకు పంపమనండి. అందులో ఫ్లాటు నంబరు, మీ పేరు, ఖాతా నంబరు ఉండాలి. ఆ ఖాతా, రెరా నమోదులో ఇచ్చిన ప్రత్యేక ఖాతా, డిమాండ్ లెటర్‌లో వచ్చిన ఖాతా మూడింటినీ పక్కపక్కన పెట్టండి. తేడా ఉంటే ఎందుకో రాతపూర్వకంగా తెచ్చుకునేదాకా ఒక్క వాయిదా కూడా పంపొద్దు. మీ హోమ్ లోను బ్యాంకుకు కూడా అదే ఖాతా ఇవ్వండి. బిల్డర్ మధ్యలో అప్పును వేరే సంస్థకు మార్చుకుంటే పాత ఎన్‌ఓసీకి విలువ పోతుంది, కొత్తది అడగాలి. ఆరు నెలలకోసారి ఆ చార్జీల పట్టిక మళ్లీ తెరవండి. అయిదు నిమిషాల పని. కొత్త వరుస ఏదైనా కనబడితే ఆ రోజే మెయిల్ పెట్టండి. డ్రాఫ్టులో ఆ సమ్మతి వాక్యం ఉన్న పేజీ, ఫారం బి కాపీ ఇక్కడ పెట్టగలిగితే, ఏ మాటలు మార్చాలో చూసి చెబుతాను.